అత్త ఎత్తుకున్న పాట

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, గొంతు పరీక్ష చేసే డాక్టరమ్మ మా మేనత్తను "ఆ" అని సాగదీయమంది. ఆ శబ్దం మధ్యమధ్యలో తెగింది. మాట్లాడమంటే ఇంకా ఎక్కువ తెగింది.

"మగ్గం మీద తార్ తెగినట్టే తెగుతాంది బిడ్డా," అని అత్త నావైపు తిరిగి నవ్వింది. ఆ మాటా ముక్కలుగానే వచ్చింది.

సూరత్‌లో మగ్గాల పనికి వలస వచ్చిన తెలంగాణవాళ్లుండే మా గల్లీలో, బతుకమ్మకు ఏళ్లుగా ఆమే పాట ఎత్తుకునేది. మిగతావాళ్లు అందుకునేవారు. గొంతు తెగడం మొదలైన ఆ ఏడు మాత్రం, పండుగకు ముందే ఆడవాళ్లు, "మాటే రాకపాయె, పాటేం వస్తది వదినా? నువ్వు జర కూసో," అన్నారు. రాదనే ఆమె కూడా అనుకుంది.

జబ్బు ఎంత ముదిరిందో తెలియాలంటే పాట కూడా వినాలట. "ఏదైనా పాడండి, మాసీ," అని డాక్టరమ్మ హిందీలో అడిగింది.

"కూసుండి బతుకమ్మ పాట పాడుతరా ఏంది?" అని అత్త నన్ను గదమాయించింది. చెప్పులు విడిచి, చప్పట్లు కొడుతూ కుర్చీ చుట్టూ తిరుగుతూ పాట ఎత్తుకుంది. డాక్టరమ్మ కాళ్లు వెనక్కి తీసుకుని దారి ఇచ్చింది. గొంతు ఎక్కడా తెగలేదు.

"మాటలో జబ్బు తీవ్రంగానే ఉంది. పాటలో దాదాపు లేదు. ఇది గొంతులో కాదు, గొంతును నడిపే మెదడులో వచ్చే జబ్బు. కొందరిలో ఇలాగే ఉంటుంది," అంది డాక్టరమ్మ.

పండుగనాడు అత్త ఎవరినీ అడగలేదు. నడుమకు వెళ్లి పాట ఎత్తుకుంది. ఆడవాళ్లు నోరు తెరిచి చూస్తుంటే ఆగి, తెగే గొంతుతోనే, "ఏందే, మీ గొంతులు గిట్ల పోయినయా?" అంది. అందరూ నవ్వి అందుకున్నారు.

అత్త నిరుడు పోయింది. ఇప్పుడు బతుకమ్మకు స్పీకర్ పెడుతున్నారు. మా గల్లీలో ఎవరూ పాట ఎత్తుకోవడం లేదు.