చెంబు పెట్టిన కడుపు

1938 చివర్లో నన్ను నిజామాబాద్ నుంచి బోధన్ దవాఖానాకు బదిలీ చేశారు. నా హోదా సబ్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉంది గాని, నేను కత్తి పట్టేది గడ్డలు కోయడానికి, గాయాలకు కుట్లు వేయడానికే. కడుపు తెరవాల్సి వస్తే రోగిని నిజామాబాద్‌లో సివిల్ సర్జన్ గారి దగ్గరికి పంపాలి. ఆయన కూడా చాలా కేసులను హైదరాబాద్‌కు పంపేవారు. నా కింద ఒక కాంపౌండరు, గాయాలకు కట్లు కట్టే ఒక డ్రెస్సరు, కొన్ని మంచాలు ఉండేవి. చక్కెర కార్ఖానా కొత్తగా నడుస్తున్న రోజులవి. చెరకు నరికే కాలం వస్తే ఊరి చుట్టూ బండ్లు, గుడిసెలు, కాలువ నీళ్లే తాగే జనం. వాళ్ల వెనకే టైఫాయిడ్ వచ్చేది.

ఇప్పటివాళ్లకు టైఫాయిడ్ అంటే నాలుగు మాత్రలతో పోయే జబ్బు. అప్పుడు దానికి మందే లేదు. వారాల తరబడి రోగిని కాపాడుకుంటూ కూర్చోవడమే వైద్యం. ఎందుకో అర్థం కావాలంటే తిన్న అన్నం పోయే దారి తెలియాలి. నమిలిన ముద్ద అన్నవాహిక గుండా జీర్ణాశయంలో పడి, అక్కడి ఆమ్లంలో నలిగి జావ అవుతుంది. ఆ జావ చిన్న పేగులోకి దిగగానే కాలేయం నుంచి పిత్తరసం, క్లోమం నుంచి ఇంకో రసం వచ్చి కలుస్తాయి. చిన్న పేగు పేరుకే చిన్నది. సాగదీస్తే ఇరవై అడుగుల దాకా ఉంటుంది. తిండిలోని సత్తువ రక్తంలోకి ఎక్కేది దాని గోడల్లోంచే. మిగిలిన పిప్పి పెద్ద పేగులోకి పోతుంది, అక్కడ నీరు ఇంకిపోయాక బయటికి వస్తుంది.

టైఫాయిడ్ పుళ్లు పడేది చిన్న పేగు చివరి భాగంలో. మూడో వారానికి పుండు మీది పొక్కు రాలిపోయి, పేగు గోడ అక్కడక్కడ ఉల్లిపొరలా మిగులుతుంది. అది చిల్లు పడితే లోపలి మురికి అంతా పేగులను కప్పి ఉన్న శుభ్రమైన పొర మీదికి కారుతుంది. ఆపైన మేము చేయగలిగింది దాదాపు ఏమీ ఉండేది కాదు. అందుకే జావ, మజ్జిగ తేట తప్ప గట్టి తిండి పెట్టవద్దని, కడుపు నొక్కవద్దని ఇంటింటికీ తిరిగి నోరు నొప్పి పుట్టేలా చెప్పేవాణ్ణి.

గంగారాం కార్ఖానాకు చెరకు తోలే బండివాడు. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి. దవాఖానాలో మంచం ఖాళీ లేక అతనికి ఇంట్లోనే వైద్యం చేస్తున్నాను. భార్య రాజవ్వ కల్లు దుకాణం దగ్గర బోటి, అంటే మేక పేగుల కూర, వండి అమ్మేది. తల్లి లింగవ్వకు బొడ్డు ఎత్తే మనిషిగా చుట్టుపక్కల పేరు. కడుపు నొప్పి వస్తే బొడ్డు జారిందని అక్కడ అనుకునేవారు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద పిండి ముద్దలో వత్తి వెలిగించి, దాని మీద ఇత్తడి చెంబు బోర్లిస్తారు. మంట ఆరగానే చెంబు కడుపును పట్టి పీలుస్తుంది. కాసేపాగి దాన్ని ఊడబెరుకుతారు. మామూలు కడుపు నొప్పి ఎలాగూ తగ్గేదే కాబట్టి పేరంతా చెంబుకు వచ్చేది.

గంగారాంకు మూడో వారం నడుస్తోంది. ఒక మధ్యాహ్నం లింగవ్వే దవాఖానాకు వచ్చింది. ఇన్నాళ్లలో ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

"నొప్పి పోయింది సాబ్. జరం గూడ దిగింది. ఒళ్లు సల్లగైంది" అంది.

నొప్పి ఎప్పుడు వచ్చిందని అడిగాను.

"పొద్దుగాల మెలికలు తిరిగిండు. సెంబు వెట్టిన. తీయంగనే ఒక్కపారి అవ్వా అని కేకేసిండు. జరసేపటికి అంత మాయం."

సంచి తీసుకుని ఆమె వెంట నడిచాను.

ఇంటి ముందు ఇరుగుపొరుగు చేరి ఉన్నారు. రాజవ్వ నాకు కూర్చోవడానికి పీట వేసింది. గంగారాం నన్ను చూసి, "ఆకలైతంది సాబ్, జొన్నరొట్టె తింట" అన్నాడు. నుదుటి మీద చల్లని చెమట. కడుపు మీద చెంబు అంచు గుండ్రంగా అచ్చు పడి ఉంది. వేలు ఆనించాను, కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. ఒంటి వేడి నిజంగానే మామూలు కంటే కిందికి దిగింది. నాడి మాత్రం దారంలా సన్నబడి పరుగెడుతోంది. రోగం తగ్గేటప్పుడు జ్వరం, నాడి రెండూ కలిసి దిగాలి. జ్వరం దిగి నాడి ఎక్కి, కడుపు బిగిస్తే పేగు చిల్లు పడిందని అర్థం. చిల్లు పడ్డాక కొందరికి కాసేపు నొప్పి తెలియదు. ఆ ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. వాళ్లకు ఈ మాట చెప్పాల్సింది నేను. అంత దిక్కుమాలిన పని నా ఉద్యోగంలో మళ్లీ తగల్లేదు.

రాజవ్వను బయటికి పిలిచాను. పుస్తకంలోని మాటలు ఆమెకు పనికిరావు. బోటి కడిగేటప్పుడు సన్న పేగుకు చిల్లు పడితే ఏమవుతుందని అడిగాను.

"ఒక్క తాన పలిగినా లోపలిదంత బోటికి అంటుతది సాబ్. ఇగ అది పనికిరాదు, పారబోసుడే" అంది. అని, నా ముఖం చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

కొంగు తీసి, "కోసి కుట్టరాదా సాబ్?" అని అడిగింది. నిజామాబాద్‌లో ప్రయత్నించవచ్చు, ఆశ మాత్రం తక్కువ అని చెప్పాను. కార్ఖానా లారీ దొరికింది, అందులో గంగారాంను అక్కడికి చేర్చాం. సివిల్ సర్జన్ గారు నాడి పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఈ నాడితో క్లోరోఫారం ఇస్తే బల్ల మీదే పోతాడని, ఇవ్వకపోయినా పోతాడని నాతో ఇంగ్లీషులో అన్నారు. గంగారాం మర్నాడు పోయాడు.

ఆస్పత్రి వరండాలో రాజవ్వ నన్ను అడిగింది, సెంబుతోనే పలిగిందా అని. ఆ పుండు ఏమీ చేయకపోయినా దానంతటదే పగలవచ్చు, ఖాయంగా చెప్పలేను అన్నాను. అది ఊరడింపు కాదు, నిజమే.

"గట్లనే అనుండ్రి సాబ్. మా అత్తకు మాత్రం గీ ముచ్చట ఎరుక గావద్దు. ఆమెకున్నది ఒక్కడే కొడుకు" అంది. నేను సరేనన్నాను.

ఊళ్లో జనం వేరే విధంగా చెప్పుకున్నారు. తల్లి నొప్పి తీసేసింది, డాక్టరు కడుపు మాడ్చి చంపాడు అని. ఆ మాట పడ్డాను. కాని జ్వరం ఊరు వదల్లేదు. నొప్పి తీసిన చెయ్యి అని లింగవ్వ కోసం జ్వరం ఉన్న ఇళ్ల నుంచే మనుషులు రావడం మొదలుపెట్టారు. ఆమె కొడుకు పోయిన దుఃఖంలోనే చెంబు పట్టుకుని వెళ్తోందని కాంపౌండరు వచ్చి చెప్పాడు. రాజవ్వకిచ్చిన మాట ఇక నిలుపుకోలేకపోయాను.

వాళ్లింటికి వెళ్లి లింగవ్వ ఎదుట కూర్చుని, ఈ జ్వరంలో పేగు ఎంత పలచబడుతుందో, చెంబు పీల్చినప్పుడు ఏం జరగవచ్చో వివరంగా చెప్పాను. గంగారాం పేరు ఎత్తలేదు. విన్నాక ఆమె మెల్లగా అంది:

"కడుపు నొక్కద్దన్నవు. నేను నొక్కలే బిడ్డా, ఎత్తిన."

నొక్కవద్దని మా పుస్తకాల్లో ఉంది; చెంబు సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె నా మాట జవదాటలేదు.

"మరి నా కొడుక్కు గూడ గట్లనేనా?" అని అడిగింది.

ఖాయంగా చెప్పలేను అవ్వా, అన్నాను. రాజవ్వకు చెప్పిన మాటే, కొంచెం కూడా మార్చలేదు. ఈసారి అది ఎవరికీ పనికిరాలేదు. వాకిట్లో బోటి కడుగుతున్న రాజవ్వ తలెత్తి నన్ను చూసింది. ఆ తర్వాత నేను బోధన్‌లో ఉన్నంత కాలం దారిలో ఎదురైనా పలకరించలేదు. లింగవ్వ మళ్లీ ఎవరికీ చెంబు పెట్టలేదు. జ్వరం లేనివాళ్లు వచ్చినా పొమ్మంది.

ఆమె మానేయడం వల్ల ఎవరైనా బతికారా అని తర్వాతి కాలంలో జూనియర్లు నన్ను అడిగేవారు. నాకు తెలియదు. పగలని పేగు సంగతి ఆ మనిషికే తెలియదు, ఇక వచ్చి నాకేం చెబుతాడు? శరీరం ఎలా పనిచేస్తుందో రోగి ఇంటివాళ్లకు చెప్పడం వైద్యుడి విధి, చెప్పి తీరాలి. ఆ చెప్పడం వల్ల మేలు జరిగిందా అన్నది చాలాసార్లు తేలదు. నాకు తేలింది ఒక్కటే: ఒక తల్లి తన చేతులతో ఏం చేసి ఉండవచ్చో నా వల్ల తెలుసుకుంది.