నిండుచెవుల మేక

మొన్న జడ్చర్లలో ఒక ఫంక్షన్ హాలులో ఆడవాళ్ల సభ జరిగింది. మనవరాలు అందులో పాట పాడుతుందంటే నన్నూ నా భార్యనూ ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోయారు. పాట బాగానే పాడింది. ఆ తర్వాత పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మైకు అందుకుని, ఈ మెట్ట పల్లెల్లో మన అవ్వల కాలంలో ఆడదానికి తనదంటూ ఒక్క వస్తువు లేదనీ, నాది నాకు కావాలని అడగవచ్చునన్న ఊహ కూడా ఆమెకు లేదనీ, తలుచుకుంటే తనకు అన్నం సహించదనీ చెప్పుకుంటూ పోయాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన చెబుతున్న ఆ ఏమీ తెలియని ఆడది నా పక్కనే కూర్చుని, కాగితపు ప్లేటులోని మిక్చర్‌లో పల్లీలు మాత్రం ఏరుకుని తింటూ ఉంది. నాకు ఒళ్లు మండి లేచి నిలబడ్డాను. మనవరాలు చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది. సభలో నోరు మూయించగలిగారు గాని, ఇంటికొచ్చి కాగితం ముందేసుకున్న మనిషిని ఎవరు ఆపుతారు?

నేను బడికి పోయిన వాణ్ని కాదు. తప్పులుంటే చదువుకున్న వాళ్లు దిద్దుకోండి. మాటలో మాత్రం తప్పు లేదు.

మేము గొర్లూ మేకలూ కాసుకుని, వానలు పడితే ఇంత జొన్న వేసుకుని బతికిన వాళ్లం. మాలో పెళ్లయి పోయే బిడ్డకు తల్లిగారింటి వాళ్లు తమ మందలో నుంచి ఒక మేకపిల్లనో గొర్రెపిల్లనో ఇచ్చి పంపుతారు. దాన్ని అరణం అంటాం. అది ఆమెది. దాని పాలు ఆమెవి, దాని కడుపున పుట్టినవీ ఆమెవే. మొగుడు దాన్ని అమ్మడానికి లేదు, మామ పండుగకు కోయడానికి లేదు. నా ఈడు వాళ్లకు ఇది నేను చెప్పనక్కరలేదు, మైకులు పట్టుకునే వాళ్ల కోసం చెబుతున్నాను. ఇంకొకటి కూడా చెప్పాలి. నాలుగిళ్ల మందలు గుట్ట మీద కలిసి మేస్తాయి కాబట్టి ఏది ఎవరిదో తెలియడానికి ఇంటింటికీ ఒక చెవిగుర్తు ఉండేది. పిల్ల పుట్టిన వారంలోపు చెవికి కత్తితో గాటు పెట్టి పసుపు అద్దేవారు. మా ఇంటి గుర్తు కుడిచెవి కొసన చీలిక. నా భార్య తల్లిగారి వైపు మాత్రం అరణం ఇవ్వదలచిన పిల్లకు ఏ గాటూ పెట్టకుండా రెండు చెవులూ నిండుగా ఉంచి పంపేవారు. నిండుచెవుల మేక మందలో కనబడితే అది ఏ ఇంటిదీ కాదు, ఒక ఆడపిల్లది అని చూసిన వాళ్లకు తెలిసిపోయేది.

అట్లా పెరిగి పాడికి వచ్చిన ఒక నల్లమేకతో నా భార్య నా దగ్గరికి కాపురానికి వచ్చింది. అప్పటికి నేను మందను తమ్ముడికి వదిలేసి జడ్చర్లలో ఒక పల్లికాయల మిల్లులో బస్తాలు మోస్తున్నాను. నేను అక్షరాలు నేర్చింది ఆ బస్తాల మీదే. నల్లరంగుతో అచ్చు కొట్టిన ఊళ్ల పేర్లు వీపు మీద మోసుకుంటూ, దించిన తర్వాత వేలితో దిద్దుకుంటూ, గుమస్తా నవ్వితే నవ్వనిచ్చి, ఒక ఎండాకాలం గడిచేసరికి జడ్చర్ల అని చదవగలిగాను. దానికంటే గొప్ప సంతోషం నాకు మళ్లీ రాలేదంటే అతిశయోక్తి అనుకోకండి.

మేము దిగింది ఒక పెద్దమ్మ ఇంటి వెనక అర్ర, అంటే ఒక్క గది, దాని ముందు మంచం పట్టేంత జాగా. మేకను చూసి ఆ పెద్దమ్మ, "మనుషులకు కిరాయికిచ్చిన గని మేకకు ఇయ్యలె," అని తలుపుకు అడ్డం నిలబడింది. నా భార్య ఏమీ వాదించకుండా మూట దించి, మూడు రాళ్లు పెట్టి, మేకపాలతో చాయ్ కాచి ఒక గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. వారం తిరగకుండానే పెద్దమ్మ గల్లీలో అందరికీ మన మేక, మన మేక అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. "మన కాదు పెద్దమ్మా, నాది. చాయ్ మాత్రం మనది," అనేది నా భార్య నవ్వుతూనే. నేనూ నవ్వేవాణ్ని. అది నవ్వులాట మాట కాదని నాకు తెలియడానికి ఇంకా ఏడాది పట్టింది.

ఆ ఏడాది ఎట్లా గడిచిందో ఇప్పటి పిల్లలకు చెబితే జాలిపడతారు, అందుకే చెప్పను. మీకు చెబుతాను. ఐతారం, అంటే ఆదివారం, మిల్లు బందు. పొద్దున తలకంటుకుని జుట్టులోని పల్లిపొట్టంతా వదిలించుకుని, సాయంత్రం ఇద్దరం నడుచుకుంటూ రైలు స్టేషన్‌కు పోయేవాళ్లం. ఎక్కడికీ పోవడానికి కాదు, రైలును చూడటానికి. దారిలో మిర్చి బజ్జీలు కట్టించుకుని అక్కడ బెంచీ మీద తిని, బజ్జీలు కట్టిన పాత వారపత్రిక కాగితం నేను చదివేవాణ్ని. అందులో ఏదో ఒక కథ సగమే ఉండేది, మిగతా సగం ఇంకెవరి బజ్జీలకో పోయి ఉండేది. నేను చదివినంత చదివి ఆపితే తర్వాత ఏమైందో నా భార్య చెప్పేది. ఆమె చెప్పిన కథలన్నిటిలోనూ ఆఖరికి ఆ కథలోని ఆడమనిషే గెలిచేది. ఒకసారి అట్లాంటి కథే ఒకటి పూర్తిగా దొరికి చదివితే అందులో ఆమె బావిలో దూకి చచ్చిపోతుంది. ఆ మాట చెబితే, రాసినోనికి తెల్వదు అంది. ఆమె మాటే సరైనదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

తొలికాన్పుకు తల్లిగారింటికి పోతూ ఆమె నాకు ఒకే ఒక్క మాట చెప్పింది. మేకను పెద్దమ్మకు అప్పజెప్పు, మీ మందలో మాత్రం కలపొద్దు అని. నేను సరేనన్నాను. ఆమె పోయిన నెలకు కొత్త పల్లికాయ రావడం మొదలై మిల్లులో ఊపిరి తిప్పుకోనీయని పని, పెద్దమ్మకేమో మోకాళ్లు పట్టుకుని లేవలేని స్థితి. అదే సమయానికి తమ్ముడు అంగడికి వచ్చి కనబడితే, నాలుగు రోజులు గుట్ట మీద ఆకు తింటుందిలే అనుకుని మేకను వాడి వెంట ఊరికి పంపాను. ఏ మేకో, ఎవరిదో, దాని చెవుల సంగతేమిటో వాడికి ఒక ముక్క చెప్పలేదు. నాకు గుర్తే లేదు. తప్పు నాది, అది మొదటే ఒప్పుకుంటున్నాను.

బిడ్డకు మూడో నెల వచ్చాక తల్లిని, బిడ్డను ముందుగా మా ఊరికి తీసుకుపోయాను. పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాం. మా అమ్మ దిష్టి తీయడానికి ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని గడప లోపల నిలబడింది, నా భార్య బిడ్డను ఎత్తుకుని గడప బయట నిలబడింది. సరిగ్గా అప్పుడే మంద ఇంటికి వచ్చింది. నల్లమేక ఆమె గొంతు విని మందలోంచి విడివడి పరుగెత్తుకొచ్చి ఆమె కాళ్లకు రాసుకుంది. ఆమె వంగి దాని మెడ నిమిరి, చెవి నిమిరి, అక్కడే ఆగిపోయింది. కుడిచెవి కొస చీలి ఉంది. గాటు ఎప్పుడో మానిపోయి అంచు గట్టిపడింది.

"ఎవరు కోసిండ్రు?" అంది.

మా బాపు, అంటే మా నాన్న, దొడ్డి తడిక వేస్తూ, "నేనే కోసిన బిడ్డా," అన్నాడు. ఆయన మాటలో దాపరికం లేదు. "మంద నాలుగూళ్లు తిరుగుతది. గుర్తు లేకపోతే ఎవడన్న తోలుకపోడా?"

"గుర్తు ఉండె గద మామా. రెండు చెవులు నిండుగున్నయి. గదే గుర్తు."

"చెవి కోస్తే పాలియ్యదా ఏంది? తాగేది మీరే, తినేది మీరే."

"పాల ముచ్చట కాదు మామా. రేపు నీ కొడుకులు మంద పంచుకుంటరు. కుడిచెవి చీలినయన్నీ ఒక దిక్కు నిలవెడ్తరు. అండ్ల నాదేదంటే ఎవరు జెప్తరు?"

బాపు నా వైపు తిరిగాడు. "నువ్వే గదరా పంపినవు. ఇది అరణపుదని ఒక్క మాట జెప్తే నీ నోరు అరిగిపోతుండెనా?" నేను నా చెప్పుల వైపు చూశాను. ఆ రోజంతా నేను చేసిన ఘనకార్యం అదే.

ఆమె గడప ముందు నుంచి వెనక్కి జరిగి అరుగు మీద కూర్చుంది. తన మేక తనదని నలుగురి ముందూ తేలేదాకా ఈ గడప దాటననీ, తేలకపోతే ఆఖరి బస్సుకు తిరిగి తల్లిగారింటికి పోతాననీ గొంతు పెంచకుండా చెప్పింది. మందలు ఇల్లు చేరే వేళ గనుక వాకిట్లో జనం పోగుపడటానికి ఎంతోసేపు పట్టలేదు. పక్కింటి పెద్దయ్య చుట్ట తీసి, "మేక కోసం మొగుణ్ణి ఇడిచిపెట్టి పోతవా పిల్లా?" అని అడిగాడు, అందరినీ నవ్విద్దామని.

"మొగుడు నాకు అరణం రాలె పెద్దయ్యా. మేక వచ్చింది," అంది.

జనం నవ్వారు గాని ఆయన వైపు కాదు. బాపుకు మాత్రం ముఖం ఎర్రబడింది. కోడలు వాకిట్లో కూర్చుని మామను నిలదీయడం మా వంశంలో లేదన్నాడు. తాను దొంగనా అన్నాడు. దొంగ కాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆయన ఆ చెవి కోసింది ఆశతో కాదు, అలవాటుతో. మందలోకి ఏది వస్తే దాని చెవి పట్టుకోవడం ఆయన చేతికి అలవాటు. అయినా పోయింది మాత్రం పోయింది. బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. బస్సుకు ఇంకా కొంత పొద్దు ఉంది. అప్పుడు మా అమ్మ, పదిమందిలో నోరు తెరవగా నేనెన్నడూ చూడని మనిషి, ఎర్రనీళ్ల పళ్లెం గడప మీద పెట్టి బయటికి వచ్చింది.

"నా రెండు గొర్లు ఏడున్నయి?" అని అడిగింది బాపును.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. మాకెవరికీ కాలేదు. మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో తన వెంట రెండు గొర్రెపిల్లలు తెచ్చుకుందట. మొదటి వారంలోనే ఇట్లాగే, ఇదే చేత్తో, వాటి చెవులు చీలాయట. అవి ఈని, వాటి పిల్లలు ఈని, మందంతా కలిసిపోయి, ఇక తనవేవో తనకే తెలియకుండా పోయాయట.

"గప్పుడు నేను అడగలె. ఇది అడుగుతాంది. అడగనియ్యి," అంది. అంతే. అని అరుగు మీది దూలంలో దోపిన కత్తి తీసి కోడలి చేతికిచ్చి, బిడ్డను తాను ఎత్తుకుంది.

చీలిన చెవి అతకదు. అందుకని ఎడమచెవికి నీ తల్లిగారి గుర్తు పెట్టుకో అని ఎవరో సలహా ఇచ్చారు. అది మా నాయిన గుర్తు, నాది కాదు అంది నా భార్య. మేకను మోకాళ్ల మధ్య పట్టుకుని ఎడమచెవి అంచున గోరంత అర్ధచంద్రం కోసి, పసుపు అద్దింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఇంటికీ లేని గుర్తు అది. పెద్దయ్య చుట్ట ఆర్పుకుని, ఇగ ఆడోళ్ల మందలు కూడ తయారైతున్నయి అని గొణుక్కుంటూ పోయాడు. మా అమ్మ ఎర్రనీళ్లు తిప్పి పోసింది. నా భార్య గడప దాటింది.

తెల్లవారి మంద తోలుకుపోయే ముందు బాపు మా అమ్మను పిలిచి, ఏవన్న రెండు ఏరుకో అన్నాడు, ఎటో చూస్తూ. ఆమె నాకెందుకు ఇప్పుడు అంటూనే తిరిగి తిరిగి మందలోకెల్లా మంచివి రెండు ఏరింది. ఆ తర్వాత నల్లమేక ఈనినప్పుడల్లా, జడ్చర్లలో ఉన్నా ఊళ్లో ఉన్నా, పిల్ల చెవి మా వాళ్లెవరూ ముట్టలేదు. కోడలు వచ్చేదాకా ఆగేవాడు బాపు. ఆయన పోయాక పెద్దమనుషులు కూర్చుని మంద పంచినప్పుడు ఎడమచెవికి చంద్రం ఉన్నవన్నీ ఎవరూ చెప్పకుండానే ఒక పక్కకు తోలారు. వాటి జోలికి ఒక్కడూ రాలేదు. మా పెద్దబిడ్డకు అరణమూ, చిన్నదాని చదువూ ఆ పక్కకు తోలిన వాటిలో నుంచే వచ్చాయి.

ఆ కాలంలో అన్యాయం లేదని నేననను. మా అమ్మ అన్నేళ్లు మింగుకున్న ఆ రెండు గొర్లే దానికి సాక్ష్యం. కానీ మా ఆడవాళ్లకు తమదంటూ ఏమీ లేదనీ, అడగడం తెలియదనీ ఎవరైనా మైకులో చెబితే మాత్రం నేను ఊరుకోను. ఉండేది. అడిగారు. అడిగితే ఇచ్చి తీరాల్సిన కట్టడి కూడా ఉండేది.

మిల్లు మూతపడ్డాక మేము తిరిగి మా ఊరికి వచ్చేశాం. ఇప్పటికీ నాలుగు మేకలున్నాయి, అవీ ఆమెవే. పోయిన వానాకాలం బీమా కోసమని మేకల చెవులకు పచ్చటి ప్లాస్టిక్ బిళ్లలు కొట్టే మనిషి ఒకాయన వచ్చాడు. యజమాని ఎవరని అడిగితే నా భార్య పేరు చెప్పాను. ఆయన ఫోనులో ఏదో నొక్కి, భూమి పాసుబుక్కు ఎవరి పేర ఉందన్నాడు. నా పేరనే ఉంది. అయితే నీ పేరే వస్తది తాతా, ఫోను ఇంకోటి తీసుకోదు అన్నాడు. మేకలు ఆమెవి, కావాలంటే ఎడమచెవి చూడు అని నేను గట్టిగానే మొత్తుకున్నాను. ఆయన చూశాడు, బిళ్ల కొట్టడానికి అంచు బాగుందనుకున్నాడేమో, సరిగ్గా ఆ చంద్రం మీదనే నొక్కాడు. బిళ్ల మీద అంకెలున్నాయి. అవి ఎవరివో ఆ అంకెలు చదివితే తెలియదు, నాలాగా బస్తాల మీద చదువు నేర్చినా తెలియదు.

నా భార్య తడిక పట్టుకుని అంతా చూస్తూ నిలబడింది. "రాసుకోనియ్యి తియ్యి, ఎవరి పేరైతేంది," అంది.

ఆమె నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. ఆయన సంచి సర్దుకుని, బండి స్టార్టు చేసి, మూల తిరిగిపోయేదాకా, ఆమె ఇంకేదో అంటుందని నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను.