తాళం తీశాకే కబురు

గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో మేం తయారుచేసిన హెచ్చరిక డబ్బా గోడకెక్కి మూడు రోజులైంది. గ్యాస్ లీకయితే అందరూ బయటికి రావాలని ముందు తెలుగులో, వెంటనే హిందీలో చెప్పడం దాని పని. లోపలి సౌండ్ కార్డును నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం నేను రాసిందే. ఆ విద్య నాకు కాలేజీ నేర్పలేదు. పటాన్‌చెరులోని మా షెడ్డులో ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ, లెక్కలు కట్టుకుంటూ వచ్చింది.

మూడు రోజుల్లో ఏడుసార్లు మోగించారు. ఏడుసార్లూ హిందీ ముగియగానే డబ్బా బిగుసుకుపోయింది. కరెంటు తీసి మళ్లీ ఇస్తేగానీ రెండో హెచ్చరిక పలకదు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి డ్రిల్లు. అందులో వరసగా రెండుసార్లు పలకకపోతే డబ్బా దింపించి పాత చేతి సైరనే పెట్టుకుంటానని సేఫ్టీ ఆఫీసరు తేల్చేశాడు.

అక్కడి ఎలక్ట్రీషియన్‌ది గుమ్మడిదల, నాకంటే పదేళ్లు పెద్ద.

"ఏంది తమ్మీ, మీ డబ్బకు హిందీ వడ్తలేదా? బిహారోళ్లతోని నాలుగు దినాలు పండవెట్టు, అదే వస్తది" అన్నాడు.

నవ్వి లెక్కలో పడ్డాను. శబ్దం సెకనుకు నలభై ఎనిమిది వేల నమూనాలు. నాలుగు వందల ఎనభై చొప్పున కడితే వంద ముక్కలు. ముక్క అయినప్పుడల్లా కార్డు నా ప్రోగ్రాంను తట్టి లేపుతుంది. అది, మధ్యలో ఇంకెవరూ అంకెలు మార్చకుండా తాళం వేసుకుని, ఎంత వాయించిందో రాసుకుని, ముక్క అయిందని, ముక్కలు అందించే పై ప్రోగ్రాంకు కబురు చెబుతుంది. తెలుగు అయ్యాక హిందీ ముక్కలు సిద్ధంగా ఉంటాయి. హిందీ అయ్యాక ఏమీ ఉండవు. తేడా అదొక్కటే. షెడ్డులో మేం పరీక్షించింది ఎడతెగని సైరన్‌తో. చెవులు నొప్పెట్టాక బటన్ నొక్కి ఆపేవాళ్లం. శబ్దం తనంతట తాను అయిపోతే ఏమవుతుందో ఒక్కసారీ చూడలేదు.

ఎక్కడ బిగుసుకుంటోందో తెలిసింది గానీ ఎందుకో తెలియలేదు. పక్కనే ఆ ఎలక్ట్రీషియన్ పెద్దాయన పంపు మోటారు పని ముగించి, మధ్యలో ఎవరూ కరెంటు ఇవ్వకుండా మెయిన్ స్విచ్చుకు వేసిన తన తాళం తీసి, అప్పుడు కంట్రోల్ రూంకు ఫోన్ చేశాడు. మోటారు దగ్గరి నుంచే చెప్పేస్తే టైం కలిసొచ్చేది కదా అన్నాను.

"తాళంచెవి నా జేబుల వెట్టుకొని అయిపోయిందంటే, వాళ్లొచ్చి స్విచ్చుకాడ నిలవడ్తరు. నేను ఫోన్ల వాళ్ల జవాబు కోసం సూస్త. వాళ్లు కదలరు, నేను కదల. ముందుగాల తాళం, తర్వాతనే కబురు."

నా ప్రోగ్రాం తాళం వదలకుండానే కబురు చెబుతోంది. పై ప్రోగ్రాం ముక్కలు లేవని చూసి, అక్కడికక్కడే కార్డును ఆపమంటుంది. ఆపడానికి అదే తాళం కావాలి. కబురు ముగిస్తేగానీ తాళం రాదు, తాళం వస్తేగానీ కబురు ముగియదు.

ప్రోగ్రాంలో రెండు వరుసలు అటూఇటూ మార్చాను. ముక్క అయిందని గుర్తు పెట్టుకోవడం, తాళం వదలడం, అప్పుడు చెప్పడం. శబ్దం తగ్గించి ఇరవైసార్లు చివరిదాకా పలికించాను. ఇరవైసార్లూ ముగిసి, మళ్లీ మొదలైంది.

మూడింటికి రెండుసార్లు పలికింది. ముందు చెప్పకుండా ఆఫీసరు మూడోసారి తానే బటన్ నొక్కాడు. అదీ పలికింది. చేతి సైరన్‌ను స్టోరుకు మోసుకుపోతూ పెద్దాయన, జెర యాస తక్కువైనా హిందీ నడుస్తదిలే అన్నాడు.