అమ్మవారు దవాఖానకు పోయిన రోజు

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద తోపుడుబండి నుంచి నల్లద్రాక్ష వాసన వస్తే చాలు, మొదటి తెలంగాణ ఉద్యమం నాటి ఎండాకాలం నా ముందుకొచ్చి నిలబడుతుంది. అప్పుడిక్కడ దుకాణాలెక్కడివి, అన్నీ ద్రాక్షతోటలే. పందిళ్ల కింద దాగుడుమూతలాడి, నీలం నాలుకలతో ఇంటికొచ్చి "మేం తినలే" అని ఒట్లేసేవాళ్లం. నల్లగొండ నుంచి బర్రెలతో సహా వలసొచ్చిన మా నాయనమ్మ, బర్రె డొక్క ఎగిసే తీరు చూసి అది నిన్న ఏ చెరువులో నీళ్లు తాగిందో చెప్పేది. నమ్మకపోతే మీ ఇష్టం, బర్రెలు మాత్రం ఏనాడూ కాదనలేదు.

ఆ ఎండల్లోనే, ఏడాది నిండని మా చెల్లె లచ్చికి తట్టు పోసింది. అంటే ఇంట్లో అమ్మవారున్నట్టే. గుమ్మానికి వేపమండలు, పోపు బంద్, మందు ముట్టరాదు. పొక్కులు వాడుతుండగా పిల్ల కుక్కపిల్లలా రొప్పడం మొదలుపెట్టింది. పక్కింటి కోస్తా ఆవిడ కామేశ్వరమ్మ అంగీ ఎత్తి చూసి, నాయనమ్మతో "పిన్నిగారూ, డొక్కలు లోపలికి పోతున్నాయండీ, ఆస్పత్రికి తీసుకెళ్దాం" అంది.

"అమ్మవారిని ఇంక సాగనంపనే లేదు, ఎట్ల పోతం?" అని మా అమ్మ ఏడుపు.

నాయనమ్మ పిల్ల పక్కటెముకల మీద చెయ్యి ఆనించింది. "నిద్రల గూడ గింత జోరుగ పీలుస్తున్నది, గిది ఆగేది కాదు. అమ్మవారిని గూడ దవాఖానకు తోల్కపోదాం. బండి కట్టుర్రి!"

అలా పసుపుకుండతో, వేపమండలతో అమ్మవారు ఎడ్లబండెక్కింది, వెనకాల నేనూ ఎక్కాను. ఆ రోజు బంద్. అమ్మవారిని చూడగానే రోడ్డుకడ్డంగా పెట్టిన బండరాళ్లు వాటంతటవే దొర్లిపోయాయని నేను చాలామందికి చెప్పాను, దొర్లించింది ఉద్యమకారులేననుకోండి. ఆంధ్రావాళ్ల మీద కోపం మండుతున్న రోజులు కాబట్టి, మాతో బండెక్కిన కామేశ్వరమ్మను నోరు మెదపకుండా ఇత్తడిపళ్లెం వాయించమంది నాయనమ్మ. చివరి అడ్డంకి దగ్గర పిల్ల పెదాలు నీలంగా మారేసరికి ఆవిడ పళ్లెం పారేసి, "బాబూ, ఊపిరి అందట్లేదయ్యా, వెళ్లనివ్వండి!" అని అరిచేసింది.

ఆ యాసకు అందరూ బిగుసుకుపోయారు. ముందున్న మీసాలాయన ఆవిడను చూశాడు, పిల్ల డొక్కలు చూశాడు. "ఎడ్లతోని ఎప్పటికి పోతరమ్మా? ఇటియ్యిర్రి!" అంటూ లచ్చిని ఎత్తుకుని ఉరికాడు. ఆయన వెంట జెండాలు, జెండాల వెంట కొంగు బిగించి కామేశ్వరమ్మ. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు.

ద్రాక్షతోటలు పోయాయి, ఎడ్లబండ్లు పోయాయి, నాయనమ్మా పోయింది. ఉద్యమం మాత్రం మళ్లీ వచ్చింది. మొన్న ఎల్‌బీ నగర్ చౌరస్తాలో లచ్చి మైకు పట్టుకుని పొద్దుటి నుంచి ఆపకుండా నినాదాలిస్తుంటే, ముసలి కామేశ్వరమ్మ నీళ్లసీసాతో గుంపును తోసుకుంటూ వెళ్లి గదమాయించింది:

"ఒసేయ్, మధ్యలో కాస్త ఊపిరి తీసుకోవే!"