కంప్యూటర్ మీద అక్క తుడిచేసిన బొట్టు

2021 ఆగస్టు 20, శ్రావణ శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. నేను మోస్తున్న బరువు మొదలైంది అప్పుడే. ఇన్నేళ్లూ ఎవరికీ చూపలేదు. మొదట మీకే చెబుతున్నాను.

హన్మకొండలోని మా ఇంట్లో, విడిభాగాలు తెచ్చి నా చేతులతో బిగించిన కంప్యూటర్‌కు ఆ సమయాన మా అక్క బొట్టు పెట్టింది. బావ పోయాక స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చి మాతోనే ఉంటోంది. తాను పెట్టకూడదని వెనక్కి జరిగింది. మా ఇంట్లో అలాంటి పట్టింపులు లేవని నేనే పసుపు గిన్నె ఆమె చేతికిచ్చాను. ఇచ్చినందుకు గర్వపడ్డాను కూడా. పసుపు కాస్త పలచనై, ఒక చుక్క క్యాబినెట్ పక్కనుంచి జారింది.

కంప్యూటర్ పది నిమిషాలు నడిచేది, ఆరిపోయేది. కాసేపు వదిలేస్తే మళ్లీ లేచేది. కరెంటు సరఫరా చూశాను. మెమరీ తీసి మళ్లీ గుచ్చాను. విండోస్ రెండోసారి ఎక్కించాను.

"షాపోళ్లకియ్యరాదు డాడీ, నువ్వేమన్న ఇంజినీర్‌వా?" అని నా కూతురు ఎగతాళి చేసింది. సోమవారం దాని ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో తెర నల్లబడింది. పిల్ల ఏడ్చింది. అందరూ నావైపు చూశారు. నేను పసుపు చుక్క జారిన చోటు చూశాను.

"నీ పసుపు నీళ్లు లోపలికి పోయినట్టున్నయక్కా," అన్నాను.

నిజంగా నమ్మే అన్నానా? సగం. మిగతా సగం, నా బిగింపులో తప్పుండదన్న ధీమా. తెలియక అన్న ఆ మాట ఒక ఎత్తు. మర్నాడు తెలిసి అన్న మాట మరో ఎత్తు.

మంగళవారం మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తుండగా, ప్రాసెసర్ మీది ఫ్యాన్ విప్పాను. దాని అడుగున, వేడిని లాక్కునే లోహపు పలకకు పలచని ప్లాస్టిక్ పొర అంటుకునే ఉంది. బిగించేముందు నేను పీకేయవలసిన పొర. వేడి బయటికి పోయే దారి లేకనే యంత్రం తనను తాను ఆపుకుంటోంది. పొర తీసి, వేడిని పలకకు చేరవేసే పేస్టు రాసి, మళ్లీ బిగించాను. సాయంత్రం దాకా ఒక్కసారీ ఆగలేదు. కూతురు దాని ముందు కూర్చుని పాఠం వింటుంటే అక్క గుమ్మంలోకి వచ్చింది.

"మంచిగైందారా? ఏం జేసినవ్?"

"లోపల తడి తుడిసి ఆరబెట్టినక్కా."

"నీళ్లదేమున్నది తమ్మీ. నా చెయ్యి అసొంటిది. వద్దంటే ఇన్నవా నువ్వు?"

పొర అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది. తీసి చూపితే చాలు. ఎందుకు చూపలేదు? కూతురి ముందు చిన్నబోవడం ఇష్టంలేక. అంతకంటే పెద్ద కారణం కోసం ఏళ్లుగా వెతికాను. లేదు. అక్క కొంగు తడిపి, క్యాబినెట్ మీది బొట్టును మరక పోయేదాకా రుద్దింది. నేను చూస్తూ నిలబడ్డాను.

పట్టింపులు లేవని ఆమెను ముందుకు పిలిచినవాణ్ణి నేనే. ఆ పట్టింపే నిజమని ఆమె చేత నమ్మించినవాణ్ణీ నేనే. ఇంత సూటిగా రాయగలిగాక గుండె కొంత తేలికైంది. మన్నించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు ఆమెది. ఆమెకు ఇంకా చెప్పలేదు.

పోయినవి: వాషింగ్ మెషీన్‌కు, కూతురి స్కూటీకి, కొత్త గేటుకు అక్క పెట్టవలసిన బొట్లు. ఆ మూడుసార్లూ ఆమె వంటింట్లోనే ఉండిపోయింది.

మిగిలినవి: ఇప్పటికీ ఆగకుండా నడుస్తున్న కంప్యూటర్. నా సొరుగులో ఆ పొర. తమ్ముడు చెయ్యి వేస్తే ఏదైనా బాగవుతుందన్న అక్క నమ్మకం.