కొంగున శనగలు

నందిగామ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరిన కొత్తలో నేను అద్దెకున్న ఇంటావిడను ఊరంతా రంగం మామ్మ అనేవారు. రంగూన్‌ను మావైపు రంగం అంటారు. జపాను బాంబులు పడ్డప్పుడు ఆవిడ, భర్త అక్కడినుంచి అడవుల వెంట నడిచి బయల్దేరారు. చేరింది ఆవిడొక్కతే.

అప్పటినుంచీ జగ్గయ్యపేట వెళ్లినా, పక్కింటికి వెళ్లినా గుప్పెడు వేయించిన శనగలు కొంగున ముడేసుకోనిదే గడప దాటేది కాదు.

పాకిస్తాన్‌తో యుద్ధమని రేడియో చెప్పిన పొద్దున, నేను బడికి బయల్దేరుతుంటే ఎదురొచ్చింది.

"ఎందుకొచ్చిందమ్మా యుద్ధం?"

క్లాసులో చెప్పినట్టే కారణాలన్నీ వరసగా అప్పజెప్పాను. ఓపిగ్గా విన్నది.

"ఇక్కడిదాకా వచ్చుద్దా?"

"ఎక్కడో సరిహద్దులో మామ్మగారూ. మనదాకా రాదండి."

"రంగంలోనూ అట్టాగే అన్నారు" అంటూ నా కొంగు లాగి, శనగలు పోసి ముడేసింది. "ఆయన ఆకలికి కూలబడ్డప్పుడు నా కొంగులో ఏమీ లేదమ్మా."

ఆ ముడితోనే బడికి వెళ్లిపోయాను. బోర్డు మీద 'రెండో ప్రపంచ యుద్ధం: ఫలితాలు' అని రాశాను. ముడి మోచేతికి తగిలింది. పిల్లలు తర్వాతి మాట రాసుకోవడానికి ఎదురుచూస్తూ కూర్చున్నారు.