కారవాన్ కింద నిమ్మకాయ

నేను అబద్ధమాడలేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తాను. ఎందుకంటే బహ్రెయిన్‌లో, గుదైబియాలో నా గదిలో ఉండే లాండ్రీ తమ్ముడు ఈ సంగతి ఎవరికి చెప్పినా, "అన్న అబద్ధమాడి నౌకరి కొట్టిండు" అనే మొదలుపెట్టేవాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే అక్కడి యజమాని, నన్ను అడిగింది ఒక్కటే. వెనక ట్రాలీ తగిలించి బండి నడిపావా? నడిపాను. ఏడేళ్ళు నడిపాను. ముందున్నది ట్రాక్టరని, వెనకున్నది ఇటుకలని, ఆ రెండూ కలిసి గేదెలతో సమానంగా నడిచేవని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడగనిదానికి జవాబు చెప్పడానికి అదేమన్నా కోర్టా?

పైగా ఆ నౌకరీ నాకు ఎంత అవసరమో నాకే తెలుసు. అంతకుముందు రెండేళ్ళు కంపెనీ క్యాంపులో ఉండి సిమెంటు మోశాను. బహ్రెయిన్ ఎండలో సిమెంటు మోసినవాడికి డ్రైవర్ సీటంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఏసీ గాలి ముఖానికి తగిలిన మొదటి రోజు నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను. ఆ రాత్రే నా భార్యకు ఉత్తరం రాశాను. నేను బహ్రెయిన్ అని రాస్తే మా వాడ మొత్తం "దుబాయిల డ్రైవరాయెనట" అని చెప్పుకుంది. ఇక వెనక్కి వెళ్ళి సిమెంటు బస్తా ఎత్తుకోవడం నా వల్ల కాదు. కానీ మూడు నెలలు చూసి, నచ్చితేనే వీసా మీద ముద్ర అన్నాడు కఫీల్. రెండు నెలలు సూక్‌కి, అంటే బజారుకి, ఆసుపత్రికి, అద్లియాలో ఆయన చెల్లెలి ఇంటికి తిప్పాను. మూడో నెలలో చలికాలం వచ్చింది. చలికాలంతోపాటు కారవాన్ వచ్చింది.

అక్కడివాళ్ళకు చలికాలంలో ఇల్లు నచ్చదు. సఖీర్ ఎడారికి పోయి డేరాలు వేసుకుని, నిప్పులు రాజేసుకుని, వారాలకు వారాలు అక్కడే ఉంటారు. కఫీల్ తల్లికి అదంటే ప్రాణం. కానీ ఆమెకు మోకాళ్ళు పోయాయి, నేలమీద పడుకుంటే లేవలేదు. రెండు చలికాలాలు అందరినీ పంపించి తను ఇంట్లో కూర్చుందట. అందుకని కొడుకు, దేశం వదిలి వెళ్ళిపోతున్న ఓ ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర పాత కారవాన్ కొన్నాడు. రెండు చక్రాల మీద నిలబెట్టిన చిన్న ఇల్లన్నమాట. లోపల మంచం, పొయ్యి, కిటికీలకు పూల పరదాలు. దాన్ని లాగాల్సింది మా జీపు. అది మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, పిల్లల్ని బడికి దింపే రకం. లాగాల్సిన మనిషిని నేను.

"ఒక్క గీత పడినా ఖలాస్" అన్నాడు కఫీల్, వేలితో గాల్లో గీత గీసి. "ఇంటికి టికెట్."

గదికి వచ్చి చెప్తే లాండ్రీ తమ్ముడు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు.

"అన్నా, కొత్త బండి. నిమ్మకాయలు తొక్కియ్యకుంట తీస్తవా ఏంది? దేశం మారితె దిష్టి తగలదా?"

"వాళ్ళింట్ల గవన్నీ ఎట్ల చేస్తర్రా? ఏమనుకుంటరు?"

"ఎవ్వలు సూడకముందె చెయ్యి. జీపుకు నాలుగు, దానికి రెండు. నేను తెస్త."

తెల్లారేసరికి కెఫెటీరియా నుంచి ఆరు నిమ్మకాయలు తెచ్చి నా జేబులో కుక్కాడు.

గురువారం పొద్దున కఫీల్ మాంసం, బొగ్గులు తేవడానికి తన కారులో వెళ్ళాడు. కారవాన్ ఇంటి షెడ్డులో ఉంది. ముక్కు గోడవైపు, తోక గేటువైపు. ఎనిమిది మంది కలిసి దాన్ని లోపలికి తోశారు. మళ్ళీ ఆ ఇంటి అల్లుళ్ళందరూ వచ్చి సందులోకి తోస్తే, అక్కడ జీపుకు తగిలించాలని ఏర్పాటు. అంటే మొదట కదిలేది వెనక్కి. కాబట్టి నిమ్మకాయలు పెట్టాల్సింది టైర్ల వెనక. టైర్ల వెనక ఏమున్నాయి? రెండు పెద్ద రాళ్ళున్నాయి.

ఇక్కడ నన్ను తిట్టేవాళ్ళు కాస్త ఆగండి. మా ఇటుకల ట్రాలీకి బ్రేకు లేదు, దానికి రాయే బ్రేకు. ఈ కారవాన్‌కి ముందు ఒక ఇనుప కడ్డీ ఉంది, అది లాగితే బ్రేకు పడుతుందట. ఆ సంగతి నాకెవడు చెప్పాడు? చేత్తో పట్టుకోవడానికి పెట్టారేమో అనుకున్నాను. షెడ్డు నుంచి గేటు దాకా వాననీళ్ళు పోవడానికి కొంచెం వాలు ఉంది. ఏడాదికి నాలుగు చినుకులు పడే దేశంలో ఆ వాలు ఎందుకు పెట్టారో ఇప్పటికీ నాకు కోపమే.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. నిమ్మకాయలు పెట్టి దణ్ణం పెట్టుకుని, రాళ్ళు మళ్ళీ పెట్టేద్దాం, ఎంతసేపు అనుకున్నాను. ఎడమవైపు రాయి తీసి నిమ్మకాయ పెట్టాను. కుడివైపు రాయి తీసి నిమ్మకాయ పెట్టాను. కళ్ళు మూసుకుని "స్వామీ, ఒక్క గీత పడకుండా చూడు" అన్నాను.

కళ్ళు తెరిచేసరికి నా ముందు కారవాన్ లేదు.

అది ఒక నిమ్మకాయను శాస్త్రోక్తంగా తొక్కి, రెండోదాన్ని పక్కకు తన్ని, మెల్లగా గేటువైపు పోతోంది. పరుగెత్తి ముక్కు పట్టుకున్నాను. అది నన్ను కూడా తీసుకుపోయింది. చెప్పులు ఊడిపోయాయి. "ఆగే, ఆగవే తల్లీ!" అని తెలుగులో బతిమాలాను. ఇంగ్లీషువాడి బండి, తెలుగేం అర్థమవుతుంది? తెరిచి ఉన్న గేటు దాటి, సందు దాటి, ఎదురుగా ఉన్న ఇనుప చెత్తడబ్బాకు తోక గుద్దుకుని ఆగింది. ఎనిమిది మంది పని ఒక్క నిమిషంలో అయిపోయింది.

వెనక్కి వెళ్ళి చూశాను. గీత కాదు. పళ్ళెమంత సొట్ట. ఒక లైటు ముక్కలైంది. అక్కడే చెత్తడబ్బా పక్కన కూలబడ్డాను. సిమెంటు బస్తా బరువు భుజం మీద తెలిసింది నాకు.

అప్పుడు వినిపించింది, కర్ర చప్పుడు. కఫీల్ తల్లి, పెద్దావిడ. వరండాలో కుర్చీ వేసుకుని మొదటి నుంచీ అంతా చూసిందట! కుంటుకుంటూ వచ్చి సొట్ట చూసింది, నన్ను చూసింది. నలిగిన నిమ్మకాయను కర్రతో చూపించి, ఏమిటిది అని అడిగింది. అరబ్బీ వింటే అర్థమవుతుంది కానీ, మాట్లాడాలంటే నాకొచ్చింది అంతా కలిపినా గుప్పెడు. "ఐన్, యుమ్మా, ఐన్" అన్నాను కంటి మీద వేలు పెట్టుకుని. యుమ్మా అంటే అమ్మ. ఐన్ అంటే కన్ను, దిష్టికీ వాళ్ళు అదే మాటంటారు. ఆమె దొర్లిపోయిన రెండో నిమ్మకాయను నాతో తీయించి తన నల్ల ముసుగులో దాచుకుంది. తర్వాత వరండాలో తన కుర్చీ కింద పరిచిన తివాచీ చూపించి, తెచ్చి తోకకు కట్టమంది.

కఫీల్ వచ్చేసరికి కారవాన్ సందులో ఉంది, జీపుకు తగిలించి ఉంది, వెనక ఎర్ర తివాచీ వేలాడుతోంది.

"ఎవరు తోశారు?"

"వీడే" అంది పెద్దావిడ.

"తుమ్ అకేలా?" ఒక్కడివే తోశావా అని ఆయన నా దండచెయ్యి పట్టుకుని నొక్కి చూశాడు. నేను నేల చూశాను.

"ఈ తివాచీ ఏమిటి?"

"మా నాన్న ఒంటె వెనక తివాచీ లేకుండా ఎప్పుడూ ఎడారికి పోలేదు" అంది ఆమె. ఆ మాటకు ఎదురుచెప్పే కొడుకు ఆ ఇంట్లో పుట్టలేదు.

తర్వాత సామాను ఎక్కించారు. బియ్యం బస్తాలు, బొగ్గులు, నీళ్ళ డబ్బాలు, ఇనుప పొయ్యి, అన్నీ తోకవైపే. నాకు తెలుసు అది తప్పని. ఎడ్లబండి తోలినవాడెవడికైనా తెలుసు, వెనక బరువైతే ముందు కాడి లేస్తుంది, బండి మాట వినదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ అందరూ ఆ తోక దగ్గరే నిలబడ్డారు, తివాచీకి జానెడు దూరంలో. అటు ఎవరి చూపూ పడకూడదు. నోరు మూసుకున్నాను. తప్పు చేసినవాడి నోరు ఎందుకూ పనికిరాదు.

పెద్దావిడ నా పక్క సీటులో కూర్చుంది. కఫీల్ తన కారులో వెనకే వస్తున్నాడు. ఊరు దాటేదాకా బాగానే ఉంది. రోడ్డు ఖాళీ అయ్యాక కొంచెం వేగం పెంచాను. అంతే, అద్దంలో కారవాన్ కుడికి కనిపించింది, తర్వాత ఎడమకు, మళ్ళీ కుడికి. జీపు తోక కూడా దానితోపాటు ఊగడం మొదలైంది. పెద్దావిడ జపమాల తిప్పుతోంది. బ్రేకు తొక్కలేదు, ఆ మాత్రం తెలివి మిగిలింది. మెల్లగా వేగం తగ్గించాను. ఆ ఊపుకు ఒకవైపు తాడు తెగింది. తివాచీ రెపరెపలాడి, గాల్లోకి లేచి, పోయి పోయి కఫీల్ కారు ముందద్దం మీదే పరుచుకుంది.

బండి పక్కకు ఆపాను. ఆయనా ఎలాగో ఆపాడు. తివాచీ కింది నుంచి బయటికొచ్చి మొదట చూసింది సొట్టను.

"ఎవరు చేశారు?"

"రాళ్ళు తీయమన్నది నేను" అంది పెద్దావిడ, అప్పటికే కర్ర పట్టుకుని దిగి. "టికెట్ ఇస్తే నాకివ్వు."

"యుమ్మా, నీకు తెలియదు. డ్రైవర్ వాడు, వాడికి తెలియాలి." నావైపు తిరిగాడు. "ఖలాస్."

ఆ మాట ఎక్కడ వినాల్సొస్తుందోనని రెండు నెలలకు పైగా భయపడ్డాను. తీరా విన్నాక భయం పోయి ఒళ్ళు మండింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదని తెలిసీ తెలుగులో అరిచాను.

"ఖలాసంటె ఖలాస్! ఆమె తియ్యమన్లే, నేనే తీసిన, నిమ్మకాయల కోసం తీసిన! ఇస్తె ఇయ్యి టికెట్! గని ముందుగాల ఈ బస్తాలు ముంగటికి జరపనియ్యి. లేకుంటె ముసల్ది ఎడారికి పోదు, అందరం దవాఖానకు పోతం!"

తలుపు తీసి లోపలికి దూరాను. బియ్యం బస్తా భుజం మీద వేసుకుని ముందుకు తెచ్చాను. తర్వాత రెండోది. రెండేళ్ళు సిమెంటు మోసిన భుజం కదా, అలవాటు పోలేదు. నాలుగో నీళ్ళ డబ్బా దగ్గర చూస్తే, రెండో చివర కఫీల్ పట్టుకుని ఉన్నాడు. ఆయన తెల్లటి పొడుగు అంగీ అంతా బొగ్గుమసి.

మళ్ళీ బయల్దేరితే కారవాన్ గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. సఖీర్‌లో డేరాల మధ్య దాన్ని వెనక్కి పెట్టాలి. అల్లుళ్ళందరూ చేతులూపుతూ తలో దిక్కు చూపించారు. ఎవరినీ చూడలేదు నేను. తోక కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎడమకు తిప్పాలి. ఏడేళ్ళు ఇటుకబట్టీలో చేసింది అదే. ఒక్క దెబ్బకు పెట్టేశాను. కఫీల్ దగ్గరికి వచ్చాడు.

"నిజం చెప్పు. ఇంతకుముందు కారవాన్ లాగావా?"

"ట్రాక్టర్" అన్నాను. "ఇటుకలు."

ఆయన పోయి తన తల్లి చెయ్యి పట్టుకుని మెట్టు ఎక్కించాడు. ఆమె కిటికీ పూల పరదా పక్కకు జరిపి, రెండేళ్ళుగా చూడని ఎడారిని చూస్తూ కూర్చుంది. మర్నాడు టికెట్ రాలేదు. వారం తర్వాత పాస్‌పోర్టు ఇమ్మన్నాడు. టికెట్ కోసమే అనుకున్నాను. తిరిగొచ్చినప్పుడు దానిలో వీసా ముద్ర ఉంది. సొట్ట మాత్రం ఎవరూ బాగు చేయించలేదు.

మరుసటి చలికాలం, బయల్దేరే రోజు పొద్దున పెద్దావిడ నన్ను వరండాలోకి పిలిచి గుప్పిట తెరిచింది. అరచేతిలో నల్లగా ఎండిన నిమ్మకాయ ఒకటి ఉంది. వాళ్ళు కూరల్లో వేసుకోవడానికి అలా ఎండబెట్టుకుంటారు. ఇది కూరలోకి కాదు. అప్పుడు దొర్లిపోయిన ఆ రెండోది. ఏడాదిపాటు దాచింది.

తీసుకుని కళ్ళకద్దుకున్నాను. చక్రాల దగ్గరికి వెళ్ళబోతే కర్ర అడ్డం పెట్టి ఆపింది.

"ముందు హుక్కు తగిలించు" అంది.